పాత లారీకి కొత్త వైరింగ్: కంపెనీదా, రెడీమేడ్‌దా, ఆటోనగర్‌లో కట్టించాలా?

పదిహేనేళ్లు దాటిన లారీకి "వైరింగ్ మొత్తం పోయింది, మార్చాల్సిందే" అని మిస్త్రీ చెప్పిన రోజు నుంచి ఓనర్‌కి టెన్షన్ మొదలవుతుంది. ఒకడు కంపెనీది తప్ప ఇంకేదీ వేయొద్దంటాడు. ఇంకొకడు హైదరాబాద్ రాణిగంజ్‌లో సగం రేటుకి దొరుకుతుంటే దానికి అంత పోస్తావా అంటాడు. మూడోవాడు నేనే కట్టిస్తా, బండి వదిలేసి పో అంటాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు, ముగ్గురూ బండిలో వేర్వేరు భాగాల్ని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు, గొడవంతా అక్కడే.

లారీ వైరింగ్ అంటే ఒకే కట్ట అనుకుంటే ఏది కొన్నా ఎక్కడో ఒకచోట దెబ్బ తింటాం. డ్యాష్‌బోర్డు లైను వేరు (మీటర్ బోర్డు, తాళం, స్విచ్‌లు, ఫ్యూజ్ బాక్సు), ఇంజిన్ లైను వేరు (డైనమో, సెల్ఫ్ స్టార్టర్, ఆయిల్ ప్రెషర్, టెంపరేచర్ సెన్సర్లు), ఛాసిస్ పొడుగునా వెనక లైట్ల దాకా పోయే లైను వేరు, ముందు హెడ్‌లైట్ల లైను వేరు. బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కి పోయే లావు కేబుళ్లు మామూలుగా ఈ సెట్లలో రానే రావు, విడిగా కొనాలి. నేను చెప్పేది ఒకటే: కొనేముందు బండిని ఈ ముక్కలుగా చూడండి, ఒక్కో ముక్కకి ఒక్కో నిర్ణయం తీసుకోండి. ఒక ముక్కకి కంపెనీది, ఇంకో ముక్కకి చేత్తో కట్టించింది వేస్తే తప్పేం లేదు, చాలా బండ్లకి అదే సరైన దారి.

అసలు పోయింది వైరింగేనా?

డబ్బు తీసేముందు ఒక గంట దీని మీద పెట్టండి. బ్రేక్ తొక్కితే ఇండికేటర్ సన్నగా మినుకుమంటోందా, హెడ్‌లైట్ వేస్తే మీటర్ ముల్లు కదులుతోందా, ఒకవైపు పార్కింగ్ లైటు వేస్తే ఇంకోవైపు ఇంకేదో వెలుగుతోందా? వీటిలో సగం ఎర్త్ జబ్బులే. కరెంటుకి వెనక్కి పోయే దారి దొరక్క పక్క బల్బు గుండా పోతుంది, మనకి అది దయ్యం పట్టినట్టు కనిపిస్తుంది. క్యాబిన్ రబ్బరు బుష్‌ల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి క్యాబిన్ నుంచి ఛాసిస్‌కి వేరే ఎర్త్ పట్టీ ఉండాలి, ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి ఇంకోటి. పాత బండ్లలో ఈ రెండింటిలో ఒకటి తెగిపోయి ఉండటం, లేదా పెయింట్ మీదే బోల్టు బిగించి ఉండటం మామూలే. పెయింట్ గీకి, బోల్టు కొత్తది వేసి, గ్రీజు పూసి బిగించి చూడండి. దానికయ్యే ఖర్చు ఒక టీ, టిఫిన్ ఖర్చుకి మించదు.

ఇవి సరిగానే ఉండి, వైరు వంచితే పైతొడుగు పెళుసుగా విరుగుతుంటే, లోపలి రాగి పచ్చగా మారి ఉంటే, ఫ్యూజ్ బాక్సు కరిగి ఉంటే, ప్రతి అడుగుకీ ఒక టేపు అతుకు ఉంటే అప్పుడు మార్చాల్సిందే. పచ్చదనం విషయంలో చివర కొంచెం కత్తిరించి పని కానివ్వొచ్చు అనుకుంటారు కానీ, తొడుగు లోపల ఆ పచ్చదనం అడుగుల కొద్దీ పాకి ఉంటుంది. ఇంకో అంగుళం, ఇంకో అంగుళం అని కత్తిరించుకుంటూ పోవడమే. ఎలుక కొరికిన బండి మాత్రం వేరే లెక్క, గోడౌన్ల దగ్గర నిలబెట్టే బండ్లకి ఇది ఎక్కువ. కొరికిన చోటు ఒకటే అయితే ఆ ముక్క మారిస్తే చాలు, మిగతా లైను గట్టిగా ఉంటే మొత్తం పీకొద్దు.

ముందు మీ బండి ఏదో తేల్చుకోండి

దుకాణానికి వెళ్లి "టాటా 1613 వైరింగ్ ఇవ్వు" అంటే ఇచ్చేస్తాడు. అది మీ బండికి సరిపోతుందని కాదు. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 42, అంటే సుమారు 4.2 మీటర్లు అయితే ఒక పొడుగు, 48 అయితే ఇంకో పొడుగు, రెండింటికీ దాదాపు అరవై సెంటీమీటర్ల తేడా. పొట్టిది తెస్తే వెనక అతుకు పడుతుంది, కొత్త లైనుకి మొదటి రోజే అతుకు పడితే మార్చి ఏం లాభం? బాడీ బిల్డర్ వెనక లైట్లని ఇంకా వెనక్కి జరిపి ఉంటే అదీ కలుపుకోవాలి. టేపు పట్టుకుని మీరే కొలవండి.

ఇంకోటి, బండి కంపెనీ నుంచి క్యాబిన్‌తో వచ్చిందా, కౌల్‌తో (క్యాబిన్ లేకుండా ముందు భాగం మాత్రమే) వచ్చిందా? పాత లారీల్లో చాలావాటికి క్యాబిన్ బయట కట్టించిందే. అలాంటి బండిలో కంపెనీ లైను డ్యాష్‌బోర్డు దాకా, ఛాసిస్ దాకా ఉంటుంది, డూమ్ లైటు, టాప్ లైట్లు, ఫ్యాను, మ్యూజిక్ అన్నీ బాడీ బిల్డర్ దగ్గరి కుర్రాడు లాగినవి. నిజానికి చాలా బండ్లలో రోగం అక్కడే ఉంటుంది, కంపెనీ లైను పాపం ఇంకా బాగానే ఉంటుంది.

వోల్టేజి సంగతి. పెద్ద లారీలు 24 వోల్టులు, రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసలో. టాటా 407 లాంటి చిన్నవి 12 వోల్టులు. ఒకే వాట్ల బల్బు 12 వోల్టుల మీద రెట్టింపు కరెంటు లాగుతుంది, అంటే చిన్న బండికే వైరు లావుగా కావాలి. ఇది వినడానికి తిరకాసుగా ఉంటుంది, చాలామంది చిన్న బండి కదా సన్న వైరు చాలు అనుకుంటారు. 12 వోల్టుల బండిలో 60 వాట్ల హెడ్‌లైట్లు రెండు కలిపి 10 ఆంపియర్లు లాగుతాయి. స్విచ్, డిప్పర్ (హెడ్‌లైట్ వెలుగుని పైకీ కిందికీ మార్చేది) అన్నీ తిరిగి బల్బు దాకా 8 మీటర్ల వైరు ఉందనుకుందాం. 1.5 ఎంఎం (అంటే 1.5 చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరు అయితే దారిలోనే సుమారు 0.9 వోల్టు పోతుంది, 2.5 ఎంఎం వేస్తే అది 0.55 దగ్గరికి దిగుతుంది. వోల్టేజి ఎనిమిది శాతం తగ్గితే మామూలు హాలోజన్ బల్బు వెలుగు దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. రాత్రి పూట డ్రైవర్ కళ్లు చికిలించుకుని నడపడానికి కారణం చాలాసార్లు బల్బులో ఉండదు, వైరులో ఉంటుంది. అదే 24 వోల్టుల బండిలో 75 వాట్ల బల్బులు రెండు వేసినా 6 ఆంపియర్ల చిల్లరే కాబట్టి అంత దెబ్బ పడదు.

ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యమైంది: ఇంజిన్‌కి కంప్యూటర్ ఉందా లేదా? మెకానికల్ డీజిల్ పంపు ఉన్న పాత ఇంజిన్ అయితే ఇంజిన్ లైనులో ఉండేవి పట్టుమని పది వైర్లు, ఎవరైనా కట్టగలరు. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4 (పొగ నిబంధన) వచ్చింది, ఆ తరం పెద్ద బండ్లలో కామన్ రైలు (కంప్యూటర్ చెప్పినట్టు డీజిల్ కొట్టే పద్ధతి), ఈసీయూ (ఆ ఇంజిన్ కంప్యూటరే) మామూలైపోయాయి. ఆ బండ్లూ ఇప్పుడు పాతవి అయిపోతున్నాయి. అలాంటి బండికి ఇంజిన్ లైను విషయంలో ఎంపిక లేదు, కంపెనీదే. సెన్సర్ నుంచి వచ్చే సంకేతం మిల్లీవోల్టుల తేడాలో నడుస్తుంది, ఒక కప్లర్ (వైర్లని కలిపే ప్లగ్గు) పిన్ను వదులైతే బండి పవర్ తగ్గించేసుకుంటుంది, మీరు పంపు విప్పిస్తారు, ఇంజెక్టర్లు మారుస్తారు, లక్షలు పోతాయి. ఈసీయూకీ మీటర్ బోర్డుకీ మధ్య మెలితిప్పిన రెండు వైర్ల జత ఉంటుంది, రెండు చివర్లా 120 ఓమ్‌ల చొప్పున నిరోధకాలు. బ్యాటరీ తీసేసి మల్టీమీటర్‌తో ఆ జత మధ్య కొలిస్తే సుమారు 60 ఓమ్‌లు చూపించాలి. ఆ మెలిక విప్పేసి పక్కపక్కన లాగి టేపు చుట్టిన లైనుని చూశాను, బండి ఒక్కోసారి నడుస్తుంది, ఒక్కోసారి నడవదు, ఎందుకో ఎవరికీ తెలియదు.

కంపెనీ లైను

టాటా జెన్యూన్ పార్ట్స్, అశోక్ లేలాండ్ అయితే లేపార్ట్స్. లారీ కంపెనీలు వైరింగ్‌ని సాధారణంగా తామే చేసుకోవు, మదర్‌సన్, యజాకి లాంటి వైరింగ్ కంపెనీలు చేసి ఇస్తాయి, పెట్టె మీద పేరు లారీ కంపెనీది. ఛాసిస్ నంబరు చెప్పి పార్ట్ నంబరు తీయించండి, మోడల్ పేరు చెబితే చాలదు. ఒకే మోడల్‌లో ఏడాది మారితే ఫ్యూజ్ బాక్సు మారి ఉండొచ్చు, కప్లర్లు మారి ఉండొచ్చు.

దీని గొప్పతనం రంగుల్లో ఉంది. ప్రతి వైరుకీ దాని రంగు, గీత ఉంటాయి, రేపు విజయవాడ రోడ్డు మీద ఎక్కడో బండి ఆగినా ఏ ఎలక్ట్రీషియన్ అయినా వైరింగ్ బొమ్మ చూసి పట్టుకోగలడు. కప్లర్లు గట్టివి, క్రింపింగ్ (వైరు చివర టెర్మినల్ అనే లోహపు ముక్కని నొక్కి బిగించడం) మిషన్ మీద చేసింది. డ్యాష్‌బోర్డు లైనుకి నేను దీన్నే ఎంచుకుంటా, దొరికితే. ఆ "దొరికితే" దగ్గరే వస్తుంది చిక్కు. బాగా పాత మోడల్ అయితే ఆర్డర్ పెట్టాలంటారు, వారం అంటారు, ఇంకో వారం అంటారు, బండి ఖాళీగా నిలబడ్డ రోజుల కిరాయి లెక్కేస్తే లైను ఖరీదు దాటిపోతుంది. అందుకే బండి షెడ్డులో పెట్టి ఆర్డర్ ఇవ్వకండి. లైను చేతికొచ్చాకే బండి ఆపండి.

ఇంకో మాట, పెట్టె మీద కంపెనీ గుర్తు ఉన్నంత మాత్రాన లోపల కంపెనీ మాల్ అని నమ్మకం పెట్టుకోవద్దు. ఎమ్మార్పీ లేబుల్, పార్ట్ నంబరు, బిల్లు, ఈ మూడూ ఒకటికొకటి కలవాలి. "బిల్లు లేకుండా తగ్గిస్తా" అన్నాడంటే అది కంపెనీ మాల్ అవునా కాదా అని ఆలోచించుకోండి.

రెడీమేడ్ సెట్

రాణిగంజ్‌లో, పుత్లీబౌలి వైపు దుకాణాల్లో దొరికే సెట్లు ఇవి, ఢిల్లీ కశ్మీరీ గేట్ మార్కెట్ నుంచి వచ్చేవీ ఉంటాయి. పగలు లారీని సిటీలోకి రానివ్వరు కాబట్టి ఎలాగూ బండి ఎక్కడో ఆపి బైకు మీద పోయి కొనుక్కొస్తారు, అంటే బండి పక్కన పెట్టి సరిచూసుకునే వీలుండదు. పాత లైను మొత్తం కాకపోయినా దాని కప్లర్ల ఫొటోలు, పొడుగులు ఫోన్‌లో పెట్టుకుని పోండి.

అదే రోజు చేతికొస్తుంది, బండి రేపే లోడుకి పోవాలి అన్నవాడికి ఇదే దిక్కు. వీటిలో మంచివీ ఉన్నాయి, చెత్తా ఉంది, పైనుంచి చూస్తే రెండూ ఒకేలా నల్లగా నిగనిగలాడుతుంటాయి. తేడా పట్టుకోవడం పెద్ద విద్యేం కాదు. సెట్‌లో ఒక వైరు చివర కొంచెం తొడుగు తీయమని అడగండి. లోపలి పోగుని గోటితో, బ్లేడుతో గీకండి. పైన ఎర్రగా ఉండి గీకితే తెల్లగా వస్తే అది అల్యూమినియం మీద రాగి పూత. అంతే లావున్న అసలు రాగితో పోలిస్తే దాని నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది, పైగా క్రింపు చేసిన చోట కొన్నాళ్లకి వదులై వేడెక్కుతుంది. తూకం కూడా పట్టిస్తుంది, అల్యూమినియం రాగి బరువులో మూడో వంతు కూడా ఉండదు కాబట్టి పెద్ద సెట్ చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా అనిపిస్తే అనుమానపడండి. దుకాణదారు గీకనివ్వను అంటే పక్క దుకాణం ఉంది.

రెండో పరీక్ష లావు మీద. తొడుగు లావుగా చేసి లోపల రాగి తగ్గించడం పాత ఎత్తు. బయట నుంచి 2.5లా కనిపించేది లోపల 1.5 కూడా ఉండదు. మూడోది క్రింపు: టెర్మినల్‌ని ఒక చేత్తో, వైరుని ఇంకో చేత్తో పట్టుకుని గట్టిగా లాగండి, మొహమాటపడొద్దు, ఊడొస్తే అక్కడే వదిలేసి రండి. మంచి క్రింపుకి రెండు జతల రెక్కలు ఉంటాయి, ఒక జత రాగిని, ఇంకో జత తొడుగుని పట్టుకోవాలి. చౌక సెట్లలో రెండూ కలిపి తొడుగు మీదే నొక్కేసి ఉంటాయి, లేదా రాగి మీదే ఉండి తొడుగు గాలిలో ఉంటుంది, కుదుపులకి అక్కడే తెగుతుంది.

రంగులు మాత్రం వీటిలో దైవాధీనం. చేసేవాడి దగ్గర ఆ రోజు ఏ రంగు చుట్ట ఉంటే అది. కంపెనీ బొమ్మలో నల్లది ఎర్త్ అయితే ఇందులో ఇంకేదో కావచ్చు. అందుకే బిగించకముందే ఒక్కో వైరునీ ఈ చివర నుంచి ఆ చివరకి చూసుకోవాలి, మల్టీమీటర్ "బీప్" అంటే చాలదు, ఒక్క పోగు కలిసి ఉన్నా బీప్ అంటుంది. 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి కట్టి ఆ వైరు గుండా వెలిగించి చూడండి. నిండుగా వెలిగితే వైరు బాగున్నట్టు, ఎర్రగా మినుకుమంటే లోపల ఎక్కడో తెగి ఉన్నట్టు. అరపూట పని, కానీ క్యాబిన్ లోపల బిగించాక వెతుక్కోవడం కంటే వెయ్యి రెట్లు నయం.

చేత్తో కట్టించడం

వనస్థలిపురం దాటాక ఆటోనగర్‌లో ఈ పని చేసేవాళ్లు ఉన్నారు, మంచి చెయ్యి పడితే ఛాసిస్ లైనుకి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. పద్ధతి ఇలా ఉంటుంది: పాత లైనుని ముక్కలు చేయకుండా, కొమ్మలు కొమ్మలుగా అలాగే విప్పి తీస్తారు, తీసేటప్పుడే ప్రతి చివరకీ చిన్న కాగితం ముక్క టేపుతో అంటించి "కుడి ఇండికేటర్", "రివర్స్", "ఎయిర్ స్విచ్" అని రాస్తారు. దాన్ని ప్లైవుడ్ చెక్క మీద పరిచి, మలుపు తిరిగిన ప్రతి చోటా మేకు కొడతారు. ఆ మేకుల వెంబడే కొత్త వైర్లు లాగి, కొమ్మలు విడదీసి, చుట్టి, ఆఖర్న టెర్మినల్స్ వేస్తారు. ఈ ఓపిక ఉన్న మిస్త్రీ అయితే పని ఇవ్వండి. "బండి మీదే లాగేస్తా అన్నా, చెక్క ఎందుకు" అనేవాడికి నమస్కారం పెట్టి వచ్చేయండి.

వైరు మాత్రం మీరే కొనివ్వండి. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, మోసం కూడా కాదు, అలవాటు. ట్రూప్‌బజార్‌లో ఇంటి వైరింగ్ చుట్ట తెచ్చి లారీకి లాగేస్తారు, ఐఎస్ఐ ముద్ర ఉంది కదా అంటారు. ముద్ర నిజమే, కానీ అది ఇంటి గోడల్లో కదలకుండా పడుండే వైరుకిచ్చిన ముద్ర. బండ్ల వైరుకి వేరే ప్రమాణం ఉంది, ఐఎస్ 2465. అంతర్జాతీయంగా ఐఎస్ఓ 6722, లేదా దాని స్థానంలో వచ్చిన ఐఎస్ఓ 19642 అని చూస్తారు. సన్నటి పోగులు ఎక్కువ ఉండాలి, కుదుపుకి విరగకూడదు, డీజిలు, ఆయిల్ పడితే తొడుగు ఉబ్బకూడదు. మామూలు పీవీసీ 70 డిగ్రీల దాకానే. మే నెల ఎండలో ఇంజిన్ పక్కన, సైలెన్సర్ దారిలో అది ఏ మూలకీ చాలదు. ఇంజిన్ దగ్గరికి కనీసం 105 డిగ్రీల వైరు అడగండి, ఎక్స్‌ఎల్‌పీఈ తొడుగుతో 125 డిగ్రీల వైరు దొరికితే ఇంకా మంచిది.

రంగులు కనీసం ఏడెనిమిది కొనండి. నాలుగు రంగులతో మొత్తం లైను కట్టేస్తే కట్టినవాడికి కూడా ఆరు నెలల తర్వాత గుర్తుండదు. అన్ని రంగులు దొరక్కపోతే నంబరు స్లీవ్‌లు ఎక్కించమనండి. నంబర్లకి కొత్తగా బుర్ర పెట్టక్కర్లేదు, బాష్ తరహా రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్‌లు), స్విచ్‌ల మీద ఉండే జర్మన్ నంబర్లే వాడండి: 30 బ్యాటరీ నుంచి నేరుగా, 15 తాళం తిప్పాక, 50 సెల్ఫ్, 31 ఎర్త్, 58 పార్కింగ్, 56ఎ పై లైటు, 56బి డిప్పు. టాటా లారీలు 1954లో డైమ్లర్-బెంజ్ ఒప్పందంతో మొదలైనవి కదా, పాత బండ్లలో ఈ నంబర్లు కనిపిస్తే ఆశ్చర్యం లేదు. కట్టిన మిస్త్రీతోనే ఒక తెల్ల కాగితం మీద బొమ్మ గీయించి, లామినేషన్ చేయించి, ఆర్సీ కాపీలతో పాటు బండిలో పెట్టండి. ఈ కాగితం ఇవ్వననేవాడికి ఆఖరి వాయిదా డబ్బు ఇవ్వకండి.

టెర్మినల్‌ని ప్లయర్‌తో నొక్కి పైన సీసం పోయడం మన దగ్గర బలమైన పని అని పేరు. నాకు నచ్చదు. కరిగిన సీసం పోగుల మధ్య లోపలికి పాకి అక్కడ వైరు కడ్డీలా బిగుసుకుంటుంది, లారీ కుదుపుకి సరిగ్గా ఆ బిగుసు ఆగిన చోట పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. సరైన క్రింపింగ్ ప్లయర్ ఉంటే సీసం అక్కర్లేదు. మిస్త్రీ దగ్గర ఆ ప్లయర్ లేకపోతే మీరే ఒకటి కొని ఇచ్చినా నష్టం లేదు, మొత్తం ఖర్చులో అది కనపడదు కూడా.

చుట్టే టేపు గురించి ఒక్క ముక్క: జిగురు టేపు ఎండకి జిగటగా కారి దుమ్ము పట్టి ముద్దవుతుంది. జిగురు లేని పీవీసీ టేపు, దాని మీద గీతల ఫ్లెక్సిబుల్ పైపు, ఇదీ వరస. పైపులో నీళ్లు నిలుస్తాయి, వానాకాలం అండర్‌పాస్ నీళ్లలో దిగి వచ్చే బండ్లకి మరీ, అందుకే పైపు కిందికి వంగిన చోట చిన్న చీలిక వదలాలి. రేకులో కన్నం గుండా పోయే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ (వైరు కోసుకుపోకుండా కన్నానికి వేసే రింగు) ఉండాలి, దీంట్లో బేరం లేదు. వెనక లైట్ల కప్లర్లు మాత్రం రబ్బరు సీలు ఉన్నవే వేయించండి. వెనక భాగంలో కరెంటు తక్కువే, 24 వోల్టుల మీద రెండు బ్రేక్ లైట్లు కలిపి రెండు ఆంపియర్లు కూడా లాగవు. అక్కడ లావు వైరు వేసి గొప్పలు పోవడం కంటే నీళ్లు పోకుండా చూసుకోవడం ముఖ్యం.

స్క్రాప్ బండి లైను

వద్దు. కోసిన బండిదైనా మీ బండి వయసుదే, దాని రాగీ అంతే పాతది. కానీ కప్లర్ల కోసం మాత్రం స్క్రాప్ బంగారం: కొత్తగా ఎక్కడా దొరకని మీటర్ బోర్డు కప్లరో, పాత స్విచ్ సాకెట్టో, జానెడు తోకతో కోయించి తెచ్చుకోండి. పిన్నులు నల్లబడకుండా, ప్లాస్టిక్ పసుపెక్కకుండా ఉన్నవి ఏరుకోండి.

మొత్తం మార్చకుండా

బండి మరో రెండేళ్లే ఉంచుకుంటారా? అయితే మొత్తం వైరింగ్ మార్చడం దండగ. హెడ్‌లైట్లకి రిలేలతో వేరే లైను వేయించండి. బ్యాటరీ నుంచి ఫ్యూజు గుండా లావు వైరు నేరుగా రిలే మీది 30కి, 87 నుంచి బల్బుకి, పాత హెడ్‌లైట్ వైరు వచ్చి 86కి, 85 ఎర్త్‌కి. పాత స్విచ్ మీద, పాత డిప్పర్ మీద ఇక ఆ పది ఆంపియర్ల బరువు ఉండదు, రిలేని పలికించేంత కరెంటు పోతే చాలు. వెలుగు తేడా ఆ రాత్రే డ్రైవర్ చెబుతాడు. 24 వోల్టుల బండికి 24 వోల్టుల రిలేయే కొనాలి, దుకాణంలో అడక్కపోతే 12ది చేతిలో పెడతారు. దీనితో పాటు ఛాసిస్ లైను కొత్తది, ఎర్త్ పట్టీలు కొత్తవి, పాత పింగాణీ ఫ్యూజులు ఉన్న బాక్సు తీసేసి బ్లేడు ఫ్యూజుల బాక్సు. ఇంతతో ఫిట్‌నెస్‌కి పోయే బండికి లైట్లు, ఇండికేటర్లు, వైపరు, హారను అన్నీ దారికొస్తాయి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు కాబట్టి ఈ లెక్క ఏడాదికోసారి ఎలాగూ వస్తుంది.

నేనైతే ఏం చేస్తా

మెకానికల్ పంపు బండి, ఇంకో ఐదారేళ్లు తిప్పాలి, కంపెనీ లైను దొరుకుతోంది: డ్యాష్‌బోర్డుకి కంపెనీది, ఛాసిస్‌కీ ఇంజిన్‌కీ మంచి వైరు కొనిచ్చి కట్టించింది, హెడ్‌లైట్లకి రిలేలు. కంపెనీది దొరకలేదు: డ్యాష్‌బోర్డు కూడా కట్టిస్తా, కప్లర్లు స్క్రాప్ నుంచి. బండి ఆగితే కాంట్రాక్టు పోతుంది, రేపే కావాలి: గీకి, లాగి, బల్బు పెట్టి చూసుకున్న రెడీమేడ్ ఛాసిస్ లైను వరకే, డ్యాష్‌బోర్డు తర్వాత చూద్దాం. ఈసీయూ బండి: ఇంజిన్ లైను, ఏబీఎస్ లైను కంపెనీవే, ఎన్నాళ్లు పట్టినా ఆగుతా. కౌల్ బండి, బాడీ బిల్డర్ లాగిన వైర్లే గజిబిజిగా ఉన్నాయి: కంపెనీ లైను జోలికి పోను, పైన లాగిన చెత్తంతా పీకేసి వేరే ఫ్యూజ్ బాక్సుతో కొత్తగా వేయిస్తా. రేట్లు రాయట్లేదు, రాగి రేటుతో పాటు అవీ మారిపోతుంటాయి, ఇద్దరి ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి, కానీ ప్రతివాడినీ వైరు ఎవరిది, ఎన్ని ఎంఎం, ఎన్ని రంగులు అని ఒకే ప్రశ్నలు అడగండి. లేకపోతే ఇద్దరి రేట్లని పోల్చడానికి ఏమీ ఉండదు.

ఒక సంగతి మాత్రం ఎవరి దగ్గర చేయించినా ముందే తెగేసి చెప్పండి. 24 వోల్టుల బండిలో మ్యూజిక్‌కీ ఫోన్ ఛార్జరుకీ ఒక్క బ్యాటరీ నుంచి 12 వోల్టులు లాగొద్దని. అలా లాగితే ఒక బ్యాటరీ ఎప్పుడూ ఆకలితో, ఇంకోటి ఎప్పుడూ పొంగుతూ ఉంటుంది, రెండూ తొందరగా పోతాయి. 24 నుంచి 12కి దించే కన్వర్టర్ పెట్టించండి. డైనమో పెద్దది వేయించి ఉంటే దాని వైరూ లావు పెరగాలి. స్పీడ్ గవర్నరు వైర్లు ఎక్కడ తగిలించారో కూడా చూసుకోండి, తాళం వైరుని మధ్యలో గీకి చుట్టేసి పోతారు, కొత్త లైను పాడయ్యేది మొదట అక్కడే.

బిగించాక మొదటి లోడుకి దగ్గరి ట్రిప్పే చూసుకోండి. అన్ని లైట్లూ వేసి అరగంట నడిపి, ఆపి, ఫ్యూజ్ బాక్సు మీద, పెద్ద కప్లర్ల మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్న పిన్ను ఉంటే అది వదులు, ఆ రోజే మార్పించండి, ఫ్యూజు పెద్దది వేసి సర్దుకోవద్దు. ఫ్యూజు ఉండేది వైరుని కాపాడ్డానికి, 1.5 ఎంఎం వైరు మీద 30 ఆంపియర్ల ఫ్యూజు పెడితే ముందు కాలేది వైరే. క్యాబిన్ లేపే బండి అయితే ఒకసారి పూర్తిగా లేపి, కీలు దగ్గర లైను బిగుసుకుపోవట్లేదని చూసుకోండి.

పాత లైనుని తూకానికి అమ్మేయమని మిస్త్రీ దగ్గరి కుర్రాళ్లు తొందరపెడతారు, రాగి రేటు బాగుందంటారు. రెండు మూడు నెలలు ఆగండి. కొత్తదాంట్లో ఏ కొమ్మో మర్చిపోయి ఉంటే, ఏ వైరు ఎక్కడికి పోయేదో చూసుకోవడానికి అదే ఆధారం. ఆ తర్వాత కప్లర్లన్నీ కోసి డబ్బాలో దాచుకుని, మిగతాది అమ్ముకోండి.